తీర్పు ముందు, పేరు తర్వాత

మా ఊరు వర్ధన్నపేట దగ్గర. నా చిన్నతనంలో అక్కడ ఇద్దరు అన్నదమ్ముల మధ్య గెట్టు పంచాయితీ నడిచింది. తమ్ముడు పెళ్లయిన ఏడాదికే సాంచాల (మరమగ్గాల) పని కోసం భీవండి పోయాడు. పదేళ్లకు తిరిగొచ్చి చూసుకుంటే తన వాటా పొలం సన్నబడినట్టు అనిపించింది. ఏటా దుక్కి దున్నేటప్పుడు అన్న ఒక్కో సాలు ఇటు జరుపుకుంటూ వచ్చాడని అతని గోడు. "గెట్టు ఉన్నకాడనే ఉన్నది, పట్నం చూసొచ్చిన నీ కండ్లకే పొలం చిన్నగ కనబడుతున్నది" అని అన్న జవాబు. పెద్దమనుషులు మూడుసార్లు కూర్చున్నారు. మూడుసార్లూ చాయ్ ఖర్చు తప్ప ఏమీ తేలలేదు.

నాలుగోసారి ఒక ముసలాయన నోరు విప్పాడు. గెట్టు మాటే ఎత్తలేదు. "ఎనుకట ఒకాయన గొర్లమందను జీతగానికి ఒప్పజెప్పి దేశం మీద పోయిండంట" అని మొదలుపెట్టాడు. జీతగాడు మందను బాగానే చూసుకున్నాడు. కాకపోతే పుట్టిన పిల్లలన్నీ తన లెక్కలో వేసుకున్నాడు, తోడేలు ఎత్తుకుపోయినవన్నీ యజమాని లెక్కలో వేశాడు. పదేళ్లకు యజమాని వచ్చేసరికి మంద మొత్తం జీతగాడిది, యజమానికి మిగిలింది నాలుగు తోళ్లు. కథ అక్కడ ఆపి ముసలాయన చుట్టూ చూశాడు. "మరి వాన్ని ఏం చెయ్యాలె?" అందరికంటే ముందు అన్నే అందుకున్నాడు. "చేసుడేంది, వాడు దొంగ."

ఆ మాట తర్వాత గద్దె మీద ఎవరూ మాట్లాడలేదు. ముసలాయన కూడా మాట్లాడలేదు, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. గెట్టు మళ్లీ పాత చోటికి వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, రాలేదు. ఆ ఏడు నుంచి ఇంకో సాలు మాత్రం జరగలేదు.

మతగ్రంథాల్లోని పాత కథలు వినేవాళ్లను ఎట్లా ఒప్పిస్తాయి అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఆ "దొంగ" అన్న మాటే గుర్తొస్తుంది. ఇట్లాంటి కథకు తెలుగులో చాలా పేర్లున్నాయి. పండితులు దృష్టాంతం అంటారు, చర్చికి పోయేవాళ్లు ఉపమానం అంటారు, హరికథ చెప్పేవాళ్లు పిట్టకథ అంటారు. మా దిక్కు ముసలివాళ్లు శాత్రం అంటారు. శాస్త్రం అనే మాటే నోట్లో అరిగి శాత్రం అయింది. చదువుకున్నవాళ్లకు శాస్త్రమంటే తర్కమూ వ్యాకరణమూ. మా అమ్మమ్మకు శాత్రమంటే కథ. ఆమె వాడుకే సరైనదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. పైకి ఎంత అమాయకంగా ఉన్నా ఈ కథల లోపల గట్టి తర్కమే నడుస్తుంది.

కష్టమైన నీతిని తేలిగ్గా చెప్పడానికే కథ అని, చేదు మందుకు బెల్లం కలిపినట్టని బడిలో నేర్పుతారు. నేను ఒప్పుకోను. పక్కవాడి పొలం కలుపుకోవడం తప్పని ఆ అన్నకు తెలియదా? ఎవరినైనా ఆపి అడిగితే తప్పనే చెప్పేవాడు. అతనికి తెలియంది ఏమీ లేదు. తెలిసిన సంగతి తన దాకా రాకుండా మనిషి తన చుట్టూ ఒక దడి కట్టుకుంటాడు. "నా సంగతి వేరు" అనేది ఆ దడి పేరు. ఎదురుగా వచ్చి వాదించేవాడికి ఆ దడి ఇంకా ఎత్తుగా లేస్తుంది. కథ వెనక నుంచి వస్తుంది.

గొర్రెపిల్ల ఫిర్యాదు

ఈ పనిని అందరికంటే నేర్పుగా చేసింది బైబిల్లోని నాతాను ప్రవక్త అని నా అభిప్రాయం. సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది ఆ కథ. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్య బత్షెబను పిలిపించుకున్నాడు. ఆమె గర్భవతి అయింది. సంగతి కప్పిపుచ్చుకోవడానికి ఊరియాను యుద్ధంలో ముందు వరుసన నిలబెట్టించి చంపించాడు, ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడు నాతాను రాజు ముందుకు పోవాలి. ఒక మనిషిని చంపించినవాడికి ఇంకో మనిషిని చంపించడం పెద్ద పని కాదు.

నాతాను ఒక ఫిర్యాదు మోసుకొచ్చినట్టు మాట్లాడాడు. ఒక ఊళ్లో ఒక ధనవంతుడు, ఒక పేదవాడు. ధనవంతుడికి గొర్రెలూ పశువులూ లెక్కలేనన్ని. పేదవాడికి కొనుక్కున్న ఆడ గొర్రెపిల్ల ఒక్కటే. అది వాడి పిల్లలతో పాటే పెరిగింది, వాడి ముద్దలో తిన్నది, వాడి గిన్నెలో తాగింది, వాడి రొమ్ము మీద పడుకున్నది, వాడికి బిడ్డలాగే ఉండేది. ధనవంతుడి ఇంటికి ఎవరో బాటసారి వచ్చాడు. తన మందలోంచి ఒకదాన్ని కోయించడానికి చెయ్యి రాక, పేదవాడి గొర్రెపిల్లను తెప్పించి వండించాడు. దావీదు కోపంతో ఊగిపోయాడు. ఈ పని చేసినవాడు చావాల్సిందే, ఒక్కదానికి నాలుగు కట్టాల్సిందే అన్నాడు. అప్పుడు నాతాను మూడే మాటలు అన్నాడు: "ఆ మనుష్యుడవు నీవే."

ఇందులో గొర్రెపిల్లే ఎందుకు? దావీదు రాజు కాకముందు గొర్రెల కాపరి. సింహాసనం మీద కూర్చున్నది రాజే, కానీ కథ విని మండిపడింది లోపలి కాపరి. రాజుకు తన పని తప్పుగా కనిపించకపోవచ్చు. కాపరికి మాత్రం పెంచుకున్న పిల్లను కోయడం అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఈ కథ దావీదు చేసిన పనికి సరిగ్గా అతకదు. కథలో హత్య లేదు. పేదవాడు బతికే ఉన్నాడు, చచ్చింది గొర్రెపిల్ల. నిజంలో బత్షెబ బతికే ఉంది, చచ్చింది ఊరియా. ఇది కథ చెప్పడంలో జరిగిన పొరపాటు అనుకోను. ఒక సైనికుడు, అతని భార్య, ఒక రాజు అని మొదలుపెట్టి ఉంటే దావీదు రెండో వాక్యానికే పట్టేసేవాడు. మరీ దూరంగా, ఏ సముద్రం గురించో చెప్పి ఉంటే చివరి మూడు మాటలు అతకవు. పోలిక అతకాలి గానీ ముందే కనబడకూడదు. మా ఊరి ముసలాయన పొలాన్ని గొర్రెలుగా మార్చడంలో ఉన్నది కూడా ఆ ఎడమే.

తీర్పు ఒకసారి నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోవడం కష్టం. అది ఎవరో చెప్పింది కాదు, తానే నలుగురిలో చెప్పింది. నాతాను కొత్త వాదన ఏదీ తేలేదు. రాజు రాసిన తీర్పు మీద పేరు ఒక్కటే రాశాడు.

తేనెచుక్క

మహాభారతం స్త్రీపర్వంలో విదురుడు చెప్పే కథ కూడా ఒక రాజుకు చెప్పిందే. యుద్ధం అయిపోయింది, నూరుగురు కొడుకులు పోయారు, ధృతరాష్ట్రుడు కూలబడి ఉన్నాడు. విదురుడు ఒక బ్రాహ్మణుడి సంగతి ఎత్తుకుంటాడు. క్రూరమృగాలు నిండిన అడవిలో దారి తప్పి, పరుగెత్తి పరుగెత్తి, తీగలు కప్పేసిన పాడుబావిలో పడతాడు. తీగలకు చిక్కుకుని, తొడిమకు వేలాడే పనసపండులా తలకిందులుగా వేలాడుతుంటాడు. బావి అడుగున పెద్ద పాము. పైన ఒడ్డున ఆరు ముఖాలు, పన్నెండు కాళ్లు ఉన్న ఏనుగు. ఆ బావి మీది చెట్టును నల్ల ఎలుకలూ తెల్ల ఎలుకలూ కొరుకుతున్నాయి. ఆ చెట్టుకు తేనెపట్టు ఉంది, తేనె ధారగా కారుతోంది. అతను నాలుక చాపి ఆ తేనె తాగుతున్నాడు. ఎంత తాగినా తనివి తీరడం లేదు.

ఇక్కడ ధృతరాష్ట్రుడు అడిగే ప్రశ్న చూడండి. అయ్యో, ఎంత కష్టం, ఆ మనిషి ఎక్కడ ఉన్నాడు, అతన్ని ఎట్లా బయటికి తీయాలి అని అడుగుతాడు. దావీదుకు కోపం వచ్చింది, ఈయనకు జాలి వచ్చింది, తేడా అంతే. ఎవడో పరాయివాడి మీద జాలిపడ్డాకే విదురుడు విప్పి చెప్తాడు: అడవి సంసారం, మృగాలు రోగాలు, బావి ఈ శరీరం, కింది పాము కాలం, ఏనుగు సంవత్సరం, ఆరు ముఖాలు రుతువులు, పన్నెండు కాళ్లు నెలలు, ఎలుకలు పగలూ రాత్రీ, తేనె మన సుఖాలు.

నిజం చెప్పాలంటే ఈ తాళంచెవుల జాబితా నాకు పెద్దగా ఎక్కదు. ఏనుగుకు పన్నెండు కాళ్లు ఎందుకున్నాయో తెలియగానే అది ఏనుగు కాకుండా పోయి క్యాలెండర్ అవుతుంది. కథ విన్న పదేళ్లకు ఏ ఎలుక దేనికి గుర్తో మరిచిపోతాం. నాలుక చాపిన ఆ మనిషి మాత్రం ఉండిపోతాడు. వినేవాడి నోట్లో కూడా అప్పటికే తేనె రుచి తగిలి ఉంటుంది, చిక్కు అక్కడే ఉంది. తేనె చెడ్డదని చెప్పే కథ ముందు మనకు తేనె తాగిస్తుంది.

జైనులకు ఈ కథ చాలా ఇష్టం. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు పరిశిష్టపర్వంలో దీన్ని మళ్లీ చెప్పాడు. వాళ్లలో ఇప్పటికీ చెప్పుకునే రూపంలో ఇంకో పాత్ర వస్తుంది. ఆకాశంలో పోతున్న విద్యాధరుడు చెయ్యి చాపి రమ్మంటాడు. వేలాడేవాడు "ఈ ఒక్క చుక్క పడనీ" అంటాడు. నాకు పన్నెండు కాళ్ల ఏనుగు కంటే ఈ ఒక్క మాటే భయంకరంగా అనిపిస్తుంది. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద జైన శిల్పాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రాళ్ల నీడన కూర్చుని ఇట్లాంటి కథ ఎవరో ఎవరికో చెప్పి ఉంటారనుకోవడం అతి కాదు. ఈ కథ ఓరుగల్లుకు చేరిన రెండో దారి తిక్కన. స్త్రీపర్వాన్ని తెలుగు చేసింది ఆయనే. ఆయన ఇక్కడికి వచ్చి కాకతీయ రాజు గణపతిదేవుడికి భారత కథ వినిపించాడని కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర చెప్తుంది.

గోదావరి ఒడ్డున ఒక భయం

అన్ని దృష్టాంతాలనూ నోటితోనే చెప్పరు. బుద్ధుడు కిసాగోతమికి కథ చెప్పలేదు, పని చెప్పాడు. చచ్చిన బిడ్డను చంకనేసుకుని మందు అడిగిన తల్లికి, గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు, చావు లేని ఇంటి నుంచి. ఆవాలు లేని వంటిల్లు ఉండదు, అందుకే ఆమెకు ఆశ పుట్టింది, అందుకే గడప గడపా ఎక్కింది. షరతులో మొదటి సగం అంత తేలిక కాకపోతే రెండో సగం దాకా ఆమె పోయేదే కాదు. అందరూ చచ్చేవాళ్లే అని మొదటే అని ఉంటే ఆ మాట నిజమే, కానీ రాయిలా తగిలేది. పది ఇళ్లలో పదిమంది తమ చావుల గురించి ఆమెతో చెప్పుకున్నారు. సాయంత్రానికి ఆమెకు ఒక తీర్పు దొరికింది, కాళ్లు నొప్పి పుట్టేలా తిరిగి తనే తెచ్చుకున్నది.

మనకు ఇంకా దగ్గరిది బావరి కథ. సుత్తనిపాతం అనే బౌద్ధుల పాళీ గ్రంథంలో ఉంది. కోసల దేశం నుంచి దక్షిణానికి వచ్చిన బావరి అనే బ్రాహ్మణుడు అస్సక జనపదంలో గోదావరి ఒడ్డున ఉండేవాడు. అస్సక రాజధాని పోతన అంటే నేటి నిజామాబాద్ జిల్లా బోధన్ అని చాలామంది చరిత్రకారులు గుర్తిస్తారు. బావరి యజ్ఞం చేసి ఉన్నదంతా దానం ఇచ్చేశాడు. ఆ తర్వాత ఒకడు వచ్చి ఐదు వందలు అడిగాడు. లేవంటే, ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపించి పోయాడు. బావరికి తిండి సయించలేదు. ఒక దేవత కనబడి, వాడు డబ్బు కోసం వచ్చిన మోసగాడు, తల గురించి వాడికేమీ తెలియదు అని చెప్పింది. ఇవాళ మనం ఫ్యాక్ట్ చెక్ అంటున్నదే. బావరికి అది చాలలేదు. మరి తెలిసినవాడు ఎవరు అని అడిగాడు. దేవత బుద్ధుడి పేరు చెప్తే పదహారు మంది శిష్యులను ఉత్తరానికి పంపాడు.

వాళ్లు తీసుకుపోయిన ప్రశ్నకు బుద్ధుడు ఇచ్చిన జవాబు ఇది: తల అంటే అవిద్య. శ్రద్ధ, స్మృతి, సమాధి, సంకల్పం, ప్రయత్నం తోడైన విద్య ఆ తలను పగలగొడుతుంది.

శాపం అబద్ధం అనలేదు. తల పగలదు అని కూడా అనలేదు. పగలాలి అన్నాడు. భయపెట్టిన మాటను అట్లాగే ఉంచి దాని లోపలి అర్థం మార్చేశాడు. పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందనే వాట్సాప్ మెసేజ్ ఇంట్లో పెద్దవాళ్లకు వస్తే అది అబద్ధం అని మనం ఎంత చెప్పినా వాళ్ల టెన్షన్ పోదు. ఆ భయాన్ని కాదనకుండా ఎటువైపు తిప్పాలో తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉంటే అదృష్టం.

ఈ కథలు మన దగ్గర రాళ్ల మీదికి కూడా ఎక్కాయి. పెద్దపల్లి జిల్లా ధూళికట్ట స్తూపం ఫలకాల మీద ముచలింద నాగు ఉంది. జడివానలో బుద్ధుడి తల మీద పడగ విప్పి గొడుగు పట్టిన పాము. వానకాలంలో పొలం గట్టు మీద పాముకు భయపడి నడిచే రైతుకు ఆ బొమ్మ ఏం చెప్పిందో చెప్పడానికి పాళీ భాష రానక్కర్లేదు.

మొద్దుబారిన ముల్లు

ఉపమానానికి ఒక జబ్బు ఉంది. ఎక్కువసార్లు వింటే అరిగిపోతుంది. లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుడి కథకు అదే జరిగింది. ధర్మశాస్త్రం చదివినవాడు ఒకడు "నా పొరుగువాడు ఎవడు" అని యేసును అడుగుతాడు. యెరికో దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషి, చూసి పక్క నుంచి పోయిన యాజకుడు, గుడి సేవ చేసే లేవీయుడు, ఆగి గాయాలు కట్టిన సమరయుడు. యేసు తిరిగి అడుగుతాడు: ఈ ముగ్గురిలో పొరుగువాడు ఎవడు? అడిగినవాడు సమరయుడు అనే మాట పలకలేదు. "అతని మీద జాలిపడినవాడే" అన్నాడు. యూదులకు సమరయులంటే అంత పడదు. ఒప్పుకోక తప్పలేదు, పేరు పెట్టి ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

మనకు ఆ ముల్లు గుచ్చుకోదు. "మంచి సమరయుడు" అంటే ఎవరో దయగల పెద్దమనిషి అనుకుంటాం. కథను మళ్లీ సాన పట్టాలంటే సమరయుడి చోట వినేవాడు తన గడప లోపలికి రానివ్వని మనిషిని నిలబెట్టాలి.

మరి గడప బయట ఉన్నవాడే వింటుంటే? మా దగ్గర ఇది ఊహించిన ప్రశ్న కాదు. డోర్నకల్ బిషప్ అజరయ్య 1912లో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. ఆయన మేత్రాసనంలో, అంటే ఆయన కింది చర్చిల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు. ఊరికి దూరంగా ఉంచబడినవాళ్లు ఈ కథ వింటే వాళ్లకు యాజకుడి చోటు దక్కదు. దారి పక్కన పడి ఉన్నవాడో, ఆగి ఎత్తుకున్న సమరయుడో అవుతారు. ధర్మశాస్త్ర పండితుడికి నింద అయిన కథ వీళ్లకు గుర్తింపు అయింది. అక్షరం మారలేదు, కూర్చున్న చోటు మారింది. అందుకే ఏ ఉపమానం అర్థమైనా చెప్పేముందు అది ఎవరి ముందు చెప్పారో అడుగుతాను.

మన కులపురాణాలు పనిచేసేది గుర్తింపు ఇచ్చే ఈ రెండో పద్ధతిలోనే. చేర్యాల నకాషీ పటాలు ఇవాళ డ్రాయింగ్ రూముల్లో వేలాడుతున్నాయి గానీ, అవి పుట్టింది కథ చెప్పడానికి. చుట్టిన పటాన్ని ఒక్కో బొమ్మ విప్పుతూ, పద్మశాలీలకు మార్కండేయుడి కథ కూనపులివాళ్లు చెప్తారు, చాకలివాళ్లకు మడేలు పురాణం గంజికూటివాళ్లు చెప్తారు, మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్లు చెప్తారు. "నువ్వు ఎవరి బిడ్డవో తెలుసా" అని మొదలయ్యే కథ ఎవరినీ దోషిగా నిలబెట్టదు. రోజంతా వంగి ఉన్న వీపును ఒక రాత్రికి నిటారుగా చేస్తుంది. అది కూడా ఒప్పించడమే.

ఒగ్గుకథలో ఇంకో ఏర్పాటు ఉంది. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయినవాళ్లు గమనించే ఉంటారు. ప్రధాన కథకుడి పక్కన వంత పాడేవాడు ఉంటాడు. "అట్లెట్లయితది?" అని అడ్డం తగులుతాడు, నవ్విస్తాడు, "అవునవును" అంటాడు. జనానికి వచ్చే అనుమానాన్ని జనం కంటే ముందే అడిగేస్తాడు. అనుమానం తీరినట్టు అనిపించడానికి జవాబు గట్టిగా ఉండక్కర్లేదు, ఎవరో ఒకరు అడిగితే చాలు. మనం కథ వింటూ ఊ కొట్టడం కూడా ఇట్లాంటిదే. ప్రతి "ఊ" ఒక చిన్న సంతకం. నూరు సంతకాలు పెట్టాక నూటొకటోది వద్దనడం కష్టం.

నోరు లేనివాళ్లు

పాల్కురికి సోమనాథుడిది జనగామ జిల్లా పాలకుర్తి. కాకతీయుల కాలంలో బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు. పండితుల పద్యాలు వదిలేసి జాను తెనుగు పట్టుకున్నది అందరికీ అందాలని. చాకలి మడివాలు మాచయ్య, బోయ కన్నప్ప అందులో నాయకులు. గొడగూచి అనే చిన్నపిల్ల శివుడికి పాలు పెట్టి, లింగం తాగకపోతే చస్తానని కూర్చుంటుంది, శివుడు తాగాల్సి వస్తుంది.

అందులో నాకు అన్నిటికంటే నచ్చేది రుద్రపశుపతి కథ. అతను పురాణం వింటున్నాడు. శివుడు హాలాహలం మింగాడు అని చెప్తుండగా అతనికి గుండె ఆగినంత పనైంది. విషం మింగితే చస్తాడు కదా! మిగతా శ్రోతలకు అది ఎప్పుడో తెలిసిన కథ, విని తల ఊపారు. ఇతను పోయి నీళ్లలో దిగి, శివుడు విషం కక్కకపోతే ప్రాణం తీసుకుంటానన్నాడు. శివుడే వచ్చి నాకేమీ కాలేదని చెప్పినా నమ్మలేదు. చివరికి శివుడు అతన్ని తొడ మీద కూర్చోబెట్టుకుని, తన గొంతు చూస్తూ ఉండమన్నాడు. కథ వినడం అంటే ఏమిటో చెప్పడానికి ఒక పురాణం తన లోపలే ఒక శ్రోతను పెట్టుకుంది. తల ఊపినవాళ్లకు అర్థం తెలుసు. రుద్రపశుపతికి అర్థం తెలియదు, విషం మాత్రం తగిలింది.

అదే బసవపురాణంలో ఏకాంత రామయ్య ఉన్నాడు. జైనులతో పందెం వేసి తన తల నరుక్కుని మళ్లీ అతికించుకుంటాడు, జైనులు ఓడిపోతారు. ఈ కథలో వాళ్లున్నది ఓడిపోవడానికే. తేనెచుక్క కథ చెప్పుకున్న మనుషులు, పద్మాక్షి గుట్ట మీద రాయి చెక్కించిన మనుషులు ఇక్కడికి వచ్చేసరికి పందెం ఓడిన గుంపు. వాళ్లకు ఒక్క మంచి మాట లేదు.

నాతాను కథ మళ్లీ చదివితే అక్కడ కూడా ధనవంతుడు ఒక్క మాట మాట్లాడడు. లేవీయుడు ఎందుకు పక్క నుంచి పోయాడో లూకా రాయడు. ఈ కథల బలమంతా అక్కడే ఉంది: తప్పు చేసినవాడికి నోరు ఉంటే వినేవాడు తీర్పు వెంటనే చెప్పలేడు. "అది కాదు, అసలేం జరిగిందంటే" అని వాడు మొదలుపెడితే కథ సాగుతుంది, కోపం చల్లారుతుంది. జాంబపురాణం కొంచెం ధైర్యం చేసింది. అందులో జాంబవంతుడూ బ్రాహ్మణుడూ ఎదురెదురుగా వాదించుకుంటారు, ఇద్దరికీ నోరుంది. గెలిచేది ఎవరో ముందే తెలుసు, అది వేరే సంగతి.

నోరు తీసేయడం మంచి పనికీ పనికొస్తుంది, చెడ్డ పనికీ పనికొస్తుంది. రాజును నిలదీయడానికి ధనవంతుడి నోరు మూస్తే న్యాయం అనిపిస్తుంది. పక్క వాడ మనుషుల నోరు మూసి చెప్పిన కథ విని జనం కర్రలు పట్టుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. రెండింట్లోనూ పనిముట్టు ఒక్కటే. కథ వింటూ ఊ కొట్టేటప్పుడు ఇందులో మాట దక్కనిది ఎవరికి అని చూసుకోవడం నేను ఈ మధ్యే నేర్చుకున్నాను, ఎట్లా నేర్చుకున్నానో కూడా చెప్తాను.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆ పెద్దన్న అరుగు మీద కూర్చుని మనవడికి కథ చెప్తున్నాడు. గొర్రెల జీతగాడి కథే. పంచాయితీ నాటి ముసలాయన పోయి చాలా ఏళ్లయింది, తమ్ముడి కుటుంబం మళ్లీ భీవండిలోనే ఉంది. పక్కన కూర్చుని విన్నాను. కథ కొంచెం మారింది. మందను ఒప్పజెప్పిన ఆసామి పదేండ్లు జీతం పంపలేదంట. పండుగకు కూడా మొఖం చూపలేదంట. తోడేండ్లు మీద పడ్డ రాత్రి జీతగాడు ఒక్కడే కట్టె పట్టుకుని నిలబడ్డాడంట, వాడి ముసలి తల్లిదండ్రులకు గంజి పోసింది కూడా వాడేనంట.

"మరి గొర్లు ఎవరియి తాతా?" అని పిల్లవాడు అడిగాడు.

ఆయన నా దిక్కు చూపించి, "గాయినె మస్తు సదువుకున్నడు, గాయిన్నే అడుగు" అన్నాడు.